ఓటు ఎక్కడ పడితే సీటవుతుంది? ప్రాంతాల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు

జాతీయ ఎన్నికల్లో ఒక పార్టీ ఏయే ప్రాంతాలపై గురి పెట్టాలి, ఏయే ప్రాంతాలను వదులుకోవాలి అన్న విషయంపై పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటిని ఈసారి తీసుకున్నాము. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఒకటిగా ఇచ్చాము.

ప్రశ్న: జాతీయ పార్టీ అన్నాక దేశమంతటా సమానంగా పనిచేయాలి కదా? కొన్ని ప్రాంతాలనే ఎంచుకుని డబ్బు, కార్యకర్తలు, నాయకుల సమయం అక్కడే ఖర్చు చేయడం ఎందుకు?

జవాబు: న్యాయం వేరు, ఎన్నికల లెక్క వేరు. నియోజకవర్గానికి ఒక్క ప్రతినిధి చొప్పున, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే పద్ధతి ఉన్న దేశాల్లో, పార్టీకి పడిన మొత్తం ఓట్లకూ చట్టసభలో దక్కే స్థానాలకూ నేరు సంబంధం ఉండదు. ఆ ఓట్లు ఎక్కడెక్కడ, ఎంత దట్టంగా పడ్డాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ మాటకు కెనడాలో 1993లో జరిగిన ఎన్నికల కంటే గట్టి రుజువు దొరకడం కష్టం. అప్పటివరకు అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి దేశవ్యాప్తంగా 16 శాతం ఓట్లు వచ్చాయి, 295 స్థానాల సభలో దక్కినవి మాత్రం 2. ఒక్క క్యూబెక్‌ ప్రావిన్సులోనే అభ్యర్థులను నిలిపిన బ్లాక్ కెబెక్వా అంతకంటే తక్కువగా, 13.5 శాతం ఓట్లతోనే 54 స్థానాలు గెలిచి ప్రధాన ప్రతిపక్షంగా కూర్చుంది. మొదటి పార్టీ ఓట్లు దేశమంతా పలచగా పరుచుకున్నాయి, రెండో పార్టీ ఓట్లు ఒక్కచోట పేరుకున్నాయి. ఇద్దరి మధ్య తేడా అంతే.

మన దేశంలో బహుజన్ సమాజ్ పార్టీ అనుభవం కూడా ఇలాంటిదే. 2014 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి 4 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. ఓట్ల లెక్కన భాజపా, కాంగ్రెస్‌ల తరువాత దేశంలో మూడో స్థానం దానిదే, కానీ గెలిచిన సీట్లు సున్నా. 2019లో ఓట్ల శాతం ఇంకా తగ్గి 3.6 దగ్గర ఆగినా, ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ పార్టీతో పొత్తు పెట్టుకుని అక్కడ 38 స్థానాలకే పరిమితమైనందువల్ల 10 సీట్లు వచ్చాయి. ఓట్లు తగ్గి సీట్లు పెరగడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, ప్రాంతాల ఎంపిక అనే పనికి అర్థమంతా అందులోనే ఉంది.

ప్రశ్న: అలాగైతే పార్టీకి ఎక్కువ ఆదరణ ఉన్న ప్రాంతాల్లోనే బలాన్నంతా మోహరించాలని మీ అభిప్రాయమా?

జవాబు: కాదు, చాలా పార్టీలు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే. కంచుకోటలో ఉన్న 70 వేల ఆధిక్యాన్ని ఎంతో శ్రమపడి లక్షన్నరకు పెంచినా వచ్చేది అదే ఒక్క సీటు. ఘోరంగా ఓడిపోయే చోట లోటును 2 లక్షల నుంచి లక్షకు తగ్గించినా అప్పటి ఫలితంలో మార్పేమీ ఉండదు. పార్టీ తనను తాను అడుగుకోవలసిన ప్రశ్న 'మనకు ఎక్కడ బలం ఉంది?' అన్నది కాదు, 'ఇంకొన్ని వేల ఓట్లు ఎక్కడ పడితే గెలుపోటములు తారుమారవుతాయి?' అన్నది. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులు తరచుగా వేర్వేరు ప్రాంతాలను చూపిస్తాయి.

2016 అమెరికా అధ్యక్ష ఎన్నికను చూడండి. హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కంటే దాదాపు 28.7 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి. అయినా పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాలను ఆమె మొత్తం కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో పోగొట్టుకున్నారు. అక్కడ అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాల వారీగా కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ గెలిచినవారికే అవన్నీ దక్కుతాయి. ఆ మూడు రాష్ట్రాలకు కలిపి 46 ఎలక్టోరల్ ఓట్లు ఉండడంతో అధ్యక్ష పదవి చేజారింది. 1988 నుంచి ప్రతిసారీ తన పార్టీ అయిన డెమొక్రాట్లకే పట్టం కట్టిన విస్కాన్సిన్‌ను తమ సొత్తుగా భావించి, అభ్యర్థిత్వం ఖరారైన తరువాత జరిగిన ప్రచారంలో ఆమె ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. ఆమె వెళ్లి ఉంటే గెలిచేవారని గట్టిగా చెప్పడం సాధ్యం కాదు. పెన్సిల్వేనియాలో విస్తృతంగా ప్రచారం చేసి కూడా ఓడిపోయారు కదా. అయితే పాత ఫలితాల ఆధారంగా ఒక ప్రాంతం మీద 'ఇది మనదే' అని ముద్ర వేసి, ఆ ముద్ర మీద దుమ్ము పేరుకుంటున్నా దులిపి చూడకపోవడం మాత్రం పొరపాటే.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఒక ప్రాంతంలో పార్టీ ఓట్లు ఒక మట్టానికి చేరేదాకా సీట్ల రూపంలో ఏమీ కనిపించదు, ఆ మట్టం దాటితే సీట్లు ఒక్కసారిగా వచ్చిపడతాయి. చెరువు నిండేదాకా అలుగు పారదు. పశ్చిమ బెంగాల్లో భాజపాకు 2014లో సుమారు 17 శాతం ఓట్లతో 2 స్థానాలే దక్కాయి, 2019లో 40 శాతానికి చేరగానే అవి 18 అయ్యాయి. మట్టానికి కాస్త దిగువన నిలిచిపోతే ఏమవుతుందో 2024లో ఒడిశా చూపించింది. ఆ రాష్ట్ర లోక్‌సభ స్థానాలు 21 ఉండగా, 37 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న బిజూ జనతా దళ్ ఒక్కటి కూడా గెలవలేదు. అదే పార్టీ 2014లో 20 స్థానాలు గెలిచింది. కాబట్టి ప్రాంతాన్ని ఎంచుకునేటప్పుడు ఇప్పటి బలం ఎంతో తెలుసుకోవడం సగం పనే, అక్కడ అలుగు పారే మట్టం ఎంతో తెలుసుకోవడం మిగతా సగం. ముఖాముఖి పోటీలో ఆ మట్టం 45 శాతం దాటి ఉంటుంది. ఓట్లు సమానంగా చీలే త్రిముఖ పోటీలో 35 శాతంతోనే గట్టెక్కవచ్చు. బలం అంతే ఉన్నా, రంగంలో ఎందరున్నారన్న దాన్నిబట్టి ప్రాంతం విలువ మారిపోతుంది.

ప్రశ్న: ఇటీవలి శాసనసభ ఎన్నికల ఫలితాలను బట్టి లోక్‌సభకు ప్రాంతాలను ఎంచుకోవచ్చా? అవే తాజా లెక్కలు కదా.

జవాబు: తాజా లెక్కలే కానీ, నమ్మదగ్గ లెక్కలని చెప్పలేము. 2018 డిసెంబరులో రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ మూడింటిలోనూ కాంగ్రెస్ ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. ఆరు నెలలు తిరగకముందే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి రాజస్థాన్‌లోని 25 స్థానాల్లో ఒక్కటీ రాలేదు, మధ్యప్రదేశ్‌లో 29కి 1, ఛత్తీస్‌గఢ్‌లో 11కి 2 మాత్రమే వచ్చాయి. ఢిల్లీ ఓటర్లు 2019లో లోక్‌సభకు 7 స్థానాలూ భాజపాకే ఇచ్చి, 2020 ఫిబ్రవరిలో శాసనసభకు 70లో 62 స్థానాలు ఆమ్ ఆద్మీ పార్టీకి ఇచ్చారు. రాష్ట్రాన్ని పాలించేది ఎవరు, దేశాన్ని పాలించేది ఎవరు అన్న రెండు ప్రశ్నలకు ఓటరు వేర్వేరుగా జవాబు చెబుతున్నాడన్న మాట. శాసనసభ ఫలితాలను పూర్తిగా పక్కన పెట్టమని నేను అనడం లేదు. పార్టీ యంత్రాంగం ఏ మండలంలో పనిచేస్తోంది, ఎక్కడ కుంటుతోంది అన్నది వాటిలో బాగా తెలుస్తుంది. అయితే గెలుపు అవకాశాన్ని అంచనా వేయడానికి గడచిన రెండు మూడు లోక్‌సభ ఎన్నికలనే పక్కపక్కన పెట్టి చూడడం క్షేమం.

ప్రశ్న: మా పార్టీ సభలకు కొన్ని జిల్లాల్లో జనం పోటెత్తుతున్నారు. అక్కడే ఎక్కువ దృష్టి పెట్టమని నాయకత్వాన్ని కోరవచ్చా?

జవాబు: సభకు వచ్చే జనం ఎక్కడి నుంచి వచ్చారో, ఎలా వచ్చారో మీకూ తెలుసు, నాయకత్వానికీ తెలుసు. తోలుకువచ్చిన వారిని తీసివేసినా, మిగిలిన జనం ఆ పార్టీకి ముందునుంచీ ఓటేసేవారే ఎక్కువగా ఉంటారు. నిండిన మైదానం కార్యకర్తల ఉత్సాహాన్ని చెబుతుంది, తటస్థంగా ఉన్న ఓటరు మనసును చెప్పదు.

ప్రశ్న: మరి ప్రాంతాన్ని అంచనా వేయడానికి ఏయే వివరాలు సేకరించాలి? సర్వేలు చేయించే స్తోమత చిన్న పార్టీలకు ఉండదు.

జవాబు: సర్వే కంటే విలువైన సమాచారం ఉచితంగానే దొరుకుతుంది, దాన్ని ఓపికగా చదివేవారే తక్కువ. ప్రతి ఎన్నిక తరువాత ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఒక్కో అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో చూపించే ఫారం 20ని ఎన్నికల అధికారులు ప్రకటిస్తారు. గడచిన రెండు మూడు ఎన్నికల ఫారాలను తీసుకుని, పార్టీ ఏ కేంద్రాల్లో నిలకడగా ముందుందో, ఎక్కడ ఒకసారి లేచి మరోసారి పడిందో, ఎక్కడ పోలింగ్ శాతమే తక్కువగా ఉందో గుర్తిస్తే నియోజకవర్గం స్వరూపం కళ్లకు కడుతుంది. ఒక్కో నియోజకవర్గంలో పార్టీ ఎన్ని ఓట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచిందో రాసుకుని, తేడా తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేరిస్తే గురి పెట్టవలసిన స్థానాల మొదటి జాబితా తయారవుతుంది. అది మొదటి జాబితా మాత్రమే. నియోజకవర్గాల పునర్విభజనలో హద్దులు మారిన చోట పాత లెక్కలను పోలింగ్ కేంద్రాల వారీగా మళ్లీ కూడుకోవలసి వస్తుంది. పోయినసారి ఓట్లు చీల్చిన మూడో అభ్యర్థి ఈసారి రంగంలో ఉన్నారా లేరా, వలస వెళ్లిన ఓటర్లు పోలింగ్ నాటికి తిరిగి వస్తారా అన్నవి కాగితంలో కనిపించవు. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి తిరిగిన కార్యకర్త మాటే అక్కడ ఆధారం.

ఆ తరువాత పార్టీ తన చేతిలో నిజంగా ఏమున్నదో లెక్క చూసుకోవాలి. డబ్బు గురించే అందరూ మాట్లాడుతారు కానీ, నా దృష్టిలో అన్నింటికంటే అరుదైన వనరు నాయకుల సమయం. గుర్తింపు పొందిన పార్టీకి మన దేశంలో 40 మంది వరకు స్టార్ క్యాంపెయినర్లను, అంటే పార్టీ తరఫున అన్నిచోట్లా ప్రచారం చేసే ముఖ్య నాయకులను, ప్రకటించుకునే వీలుంది, నమోదు మాత్రమే అయి గుర్తింపు లేని పార్టీకి 20 మంది వరకే. జాబితాలో ఎందరున్నా, జనాన్ని కదిలించగలిగినవారు ఒకరిద్దరికి మించి ఉండరు. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోతుంది. అందుబాటులో ఉన్న రోజులను లెక్కిస్తే, పెద్ద నాయకుడు గట్టిగా పనిచేయగలిగిన నియోజకవర్గాల సంఖ్య పార్టీ కలల కంటే చాలా చిన్నదని ఇట్టే తేలుతుంది. 1960లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన రిచర్డ్ నిక్సన్ 50 రాష్ట్రాలకూ వెళ్తానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడం కోసం పోలింగ్‌కు ఒకటి రెండు రోజుల ముందు అలాస్కాకు విమానమెక్కారు. అలాస్కాకు అప్పుడు ఉన్నవి 3 ఎలక్టోరల్ ఓట్లు. పోటీ హోరాహోరీగా ఉన్న పెద్ద రాష్ట్రాల్లో గడపవలసిన గంటలు ఆ ప్రయాణంలో కరిగిపోయాయి. అలాస్కా ఆయనకే దక్కింది, అధ్యక్ష పదవి మాత్రం జాన్ కెన్నెడీకి దక్కింది.

ప్రశ్న: ఒక్కో నియోజకవర్గాన్ని విడిగా ఎంచుకుంటే చాలదా? ప్రాంతం అనే మాట ఎందుకు?

జవాబు: నియోజకవర్గాలకు గీసిన హద్దులు ఓటర్ల మనసుల్లో ఉండవు. ఒకే భాషా యాస, ఒకే పంట, ఒకే నీటి సమస్య, ఒకే వార్తాపత్రిక ఉన్న ఐదారు నియోజకవర్గాలు ఎన్నికల్లో తరచుగా ఒకేవైపు మొగ్గుతాయి. ఒక హామీ ఇస్తే అన్నిచోట్లా పనిచేస్తుంది, ఒక నాయకుడు అలిగితే అన్నిచోట్లా దెబ్బ తగులుతుంది. పక్కపక్కన ఉన్న స్థానాలను కలిపి గురి పెడితే కార్యకర్తలను ఒకచోటి నుంచి మరోచోటికి పంపడం తేలిక, ప్రచార ఖర్చూ కలిసి వస్తుంది. దూరదూరంగా ఉన్న పది స్థానాల్లో పోరాడడం పది వేర్వేరు యుద్ధాలు చేయడమే. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నదీజలాల పంపకం వంటి విషయంలో ఒక ప్రాంతానికి ఇచ్చిన మాట పొరుగు ప్రాంతానికి చేదుగా ఉంటుంది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి చెప్పి నెట్టుకురావడం ఒకప్పుడు సాగింది. ప్రసంగం పూర్తికాకముందే అది పొరుగు రాష్ట్రంలోని ఫోన్లకు చేరుతున్న ఈ రోజుల్లో అది సాగదు.

ప్రశ్న: పొత్తుల్లో భాగంగా సీట్లు వదులుకోవడం పార్టీకి మేలా, కీడా?

జవాబు: ఓడిపోయే సీటును వదులుకోవడం నష్టం కాదని ఒప్పుకోవడానికే పార్టీలకు ఏళ్లు పడుతుంది. కాంగ్రెస్ 2019లో 421 లోక్‌సభ స్థానాల్లో పోటీ చేసి 52 గెలిచింది. 2024లో పోటీని 328కి కుదించుకుని 99 గెలిచింది. ఆ పెరుగుదలంతా తక్కువ చోట్ల పోటీ చేసినందువల్లే వచ్చిందని అనలేము, గాలి కూడా కొంత మారింది. కానీ తక్కువ చోట్ల పోటీ చేసినందువల్ల ఆ పార్టీ నష్టపోలేదన్నది స్పష్టం, మొత్తం ఓట్ల శాతం సైతం తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఉత్తరప్రదేశ్‌లో 80 స్థానాలకు 17 మాత్రమే తీసుకుని 6 గెలిచింది, భాగస్వామి సమాజ్‌వాదీ పార్టీ 37 గెలిచింది, అంతకుముందు అక్కడ 62 ఉన్న భాజపా 33కు తగ్గింది. కీడు ఎప్పుడంటే, వదులుకున్న చోట కార్యకర్తలకు చేయడానికి పని లేకుండా పోయినప్పుడు. రెండు ఎన్నికలు వరుసగా తన గుర్తు కనిపించని నియోజకవర్గంలో పార్టీ శ్రేణులు వేరే జెండా వెతుక్కుంటాయి.

ప్రశ్న: దామాషా పద్ధతి, అంటే వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే పద్ధతి, ఉన్న దేశాల్లో కూడా ఈ గొడవ ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కానీ దాని తీరు వేరు. ఇజ్రాయెల్‌లో దేశమంతా ఒకే నియోజకవర్గం, ఓటు ఏ మూల పడినా విలువ ఒకటే. అక్కడ పార్టీ చూసుకోవలసింది తన మద్దతుదారులు ఎక్కడ ఎక్కువగా ఉండి కూడా పోలింగ్ కేంద్రానికి రావడం లేదన్నదే. జర్మనీ పద్ధతి మరీ ఆసక్తికరమైనది. అక్కడ 5 శాతం ఓట్లు రాని పార్టీకి దామాషా వాటా ఉండదు, అయితే కనీసం 3 నియోజకవర్గాల్లో నేరుగా గెలిస్తే ఆ నిబంధన వర్తించదు. 2021లో వామపక్ష పార్టీ డీ లింకెకు 4.9 శాతమే వచ్చినా, బెర్లిన్‌లో రెండు, లైప్‌జిగ్‌లో ఒకటి గెలిచినందువల్ల 39 మంది సభ్యులతో పార్లమెంటులో నిలిచింది. ఆ మూడు నియోజకవర్గాల్లో ఒక్కటి చేజారినా సభలో ఆ పార్టీ బృందం ఉండేదే కాదు. ప్రాంతాల ఎంపిక ఇంత ప్రాణప్రదమైన సందర్భం అరుదు.

దీనికి పూర్తిగా ఎదురు నైజీరియా, ఇండోనేషియాల అధ్యక్ష ఎన్నికలు. నైజీరియాలో అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే సరిపోదు, మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం ఓట్లు కూడా రావాలి. ఇండోనేషియాలో సగానికి పైగా ఓట్లతో పాటు, సగానికి మించిన ప్రావిన్సుల్లో కనీసం 20 శాతం రావాలి. ఒక ప్రాంతాన్నో ఒక జాతినో నమ్ముకుని దేశాధినేత కావడం కుదరకుండా చేయడమే ఆ నిబంధనల ఉద్దేశం. అక్కడ బలం లేని చోటికి వెళ్లక తప్పదు.

ప్రశ్న: గెలవలేని ప్రాంతాలను పార్టీలు ఇలా వదిలేస్తే అక్కడి ప్రజల సంగతేమిటి? ఆ పార్టీ ఎప్పటికైనా అక్కడ ఎదగగలదా?

జవాబు: మీ అభ్యంతరం సబబైనదే. పోటీ లేని ప్రాంతాన్ని గెలిచేవారూ పట్టించుకోరు, ఓడేవారూ పట్టించుకోరు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం అదే, దానికి నా దగ్గర చక్కని పరిష్కారం లేదు. పార్టీ స్వార్థం వైపు నుంచి చూసినా, ఒక ఎన్నికకు మాత్రమే సరిపడే లెక్కను పదేళ్ల లెక్కగా పొరబడడం ప్రమాదకరం. 1984లో భాజపా దేశం మొత్తం మీద గెలిచింది రెండే స్థానాలు, ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని హనుమకొండ. ఆ రోజు సీట్ల లెక్క మాత్రమే చూసుకుని ఉంటే ఆ పార్టీ రాజస్థాన్‌నూ మధ్యప్రదేశ్‌నూ వదులుకోవలసింది. 1989లో దానికి 85 స్థానాలు వచ్చినప్పుడు ఆ రెండు రాష్ట్రాలే అందులో పెద్ద వాటా ఇచ్చాయి. అందువల్ల ఎన్నికల ఏడాదిలో గురి పెట్టే ప్రాంతాలు వేరు, ఎన్నికలు లేని నాలుగేళ్లలో సంస్థను నిర్మించుకునే ప్రాంతాలు వేరుగా ఉండాలని నా అభిప్రాయం. మొదటి జాబితా చిన్నదిగా, కఠినంగా ఉండాలి. రెండోది ఉదారంగా ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే దానికి కావలసింది హెలికాప్టర్లు కాదు, స్థానికంగా నిలిచి పనిచేసే ఇద్దరు ముగ్గురు మనుషులు.

ప్రశ్న: మేము కొందరం కలిసి కొత్త పార్టీ పెట్టాలనుకుంటున్నాము. మొదటి లోక్‌సభ ఎన్నికల్లో ఎన్ని స్థానాల్లో పోటీ చేయడం మంచిది?

జవాబు: మీరు ప్రతి పోలింగ్ కేంద్రానికీ నమ్మకమైన ఏజెంటును పెట్టగలిగినన్ని స్థానాల్లో. ఆ లెక్క వేసుకుంటే బహుశా ఒకటో రెండో వస్తుంది, నిరుత్సాహపడకండి. ఆమ్ ఆద్మీ పార్టీ 2013 డిసెంబరులో ఢిల్లీ శాసనసభలో 28 స్థానాలు గెలిచిన ఊపులో, 2014 లోక్‌సభ ఎన్నికల్లో 432 చోట్ల అభ్యర్థులను నిలిపింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు అయింది. వారిలో 400 మందికి పైగా ధరావతు (డిపాజిట్) కోల్పోయారు, పుట్టినిల్లయిన ఢిల్లీలో 7 స్థానాలకు 7 చోట్లా రెండో స్థానమే మిగిలింది. గెలిచిన 4 స్థానాలూ పంజాబ్‌లోనివి. లోక్‌సభ అభ్యర్థి ధరావతు 25 వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే అది తిరిగి రాదు. పోయే డబ్బు కంటే, 'ధరావతు కూడా దక్కని పార్టీ' అన్న పేరు మీకు ఎక్కువ చేటు చేస్తుంది. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న రెండు నియోజకవర్గాలను ఎంచుకోండి. మొదటిసారి రెండో స్థానంలో నిలిచినా, తరువాతి ఎన్నికలో మిమ్మల్ని కాదని అక్కడ ఏ పార్టీ కూడా పొత్తు కుదుర్చుకోలేదు.